తంగేడు పూల కషాయం: ఏ చెట్టు, ఏ భాగం, ఎంత, ఎన్నాళ్ళు?

#1 పెరటిమొక్క

తంగేడు గురించి పనికొచ్చే సంగతులన్నీ ఒకచోట చేర్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వీడియోల్లో ఒకరు గుప్పెడు పూలంటారు, ఒకరు చెంచా పొడంటారు. ఒకరు అరగంట మరిగించమంటే ఇంకొకరు వేడినీళ్ళలో వేసి మూత పెడితే చాలంటారు. గ్రాముల్లో చెప్పేవాళ్ళే కనపడటం లేదు.

అడగదలచుకున్నవి ఇవి. పూలు పచ్చివి వాడాలా, ఎండువా? ఆరబెట్టిన పూలు రెండో రోజుకే గోధుమరంగుకు తిరిగి ముక్కవాసన ఎందుకొస్తాయి? షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు తాగొచ్చా? ఆకు, బెరడు దేనికి పనికొస్తాయి?

#2 ఆకుపసరు

మోతాదు సంగతి తర్వాత. ముందు చెట్టు తంగేడేనా అన్నది తేల్చుకోవాలి. పసుపు పూలు, ఈనెకు రెండు వైపులా చిన్న ఆకులు ఉన్న ప్రతిదాన్నీ తంగేడు అనేస్తున్నారు. ఆ పోలికలున్న మొక్కలు మన చుట్టుపక్కలే అరడజను దాకా ఉన్నాయి, వాటిలో ఒకటి పిల్లల ప్రాణం తీసేది.

అసలు తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది, రెండూ ఒకటే. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. ఆ చెవులే గుర్తు. ఒక రెమ్మ కోసి, ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట చూడండి. మూత్రపిండం ఆకారంలో గుండ్రంగా, పచ్చగా, వెడల్పుగా రెండు చిన్న ఆకులు కొమ్మను పట్టుకుని ఉంటాయి. వాటిని పత్రపుచ్ఛాలు అంటారు. చాలా మొక్కల్లో ఇవి సన్నగా ఉండి త్వరగా రాలిపోతాయి, తంగేడులో మాత్రం ఆకు ఉన్నన్నాళ్ళూ నిలిచి ఉంటాయి. ఇవి లేకపోతే అది తంగేడు కాదు, వెనక్కి వచ్చేయండి.

రెండో గుర్తు ఈనె మీద ఉంటుంది. ఎదురెదురు ఆకుల జంటలు 8 నుంచి 12 దాకా ఉంటాయి. ప్రతి జంట నడుమా సన్నటి పుల్లముక్కలాగా ఒక గ్రంథి నిలబడి ఉంటుంది. భూతద్దం అక్కర్లేదు, వేలితో నిమిరినా తగులుతుంది. చెట్టు మీద చీమలు తిరిగేది ఈ గ్రంథుల్లో ఊరే తీపి కోసమే. కాయ పలచగా, చదునుగా, కాగితంలా ఉంటుంది, గింజలున్న చోట ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

#3 నల్లమలనీడ

ఆకుపసరు గారు చెప్పిన పోలిక మొక్కల వివరం నేను రాస్తాను.

కసివింద: కొందరు కసింద అంటారు. ఇదే ప్రమాదకరమైనది. ఆకుల జంటలు మూడు నుంచి ఐదే, కొనలు సూదిగా ఉంటాయి, నలిపితే వెగటు వాసన కొడుతుంది. గ్రంథి ఒక్కటే, అదీ కాడ మొదట్లో. కాయ చదునుగా ఉండి కొద్దిగా పైకి వంగుతుంది. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో ఏటా పిల్లలు మెదడు జబ్బుతో చనిపోతుంటే వైరస్ అనుకున్నారు. చివరికి ఈ గింజలు తినడం వల్ల కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతింటున్నాయని బయటపడింది. 2016లో మన సరిహద్దును ఆనుకున్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా దీని మీదికే చూపు వెళ్ళింది.

తగిరిస: వానాకాలంలో లేత ఆకు కూర వండుకునేది. ఆకుల జంటలు మూడే, కొన గుండ్రంగా ఉంటుంది. కాయ కొడవలిలా వంగి సన్నగా పొడుగ్గా ఉంటుంది.

సీమతంగేడు: రోడ్ల పక్కన నాటే పెద్ద చెట్టు. పూలు కొమ్మల చివర పెద్ద గుత్తులుగా వస్తాయి, ఈనె మీద గ్రంథులు ఉండవు. దీని ఆకులో బారకాల్ అనే పదార్థం ఉంది. థాయిలాండ్‌లో ఈ ఆకును ఉడికించి నీళ్ళు పారబోసి కూర వండుకుంటారు. అదే ఆకును నిద్ర కోసమని మాత్రలుగా చేసి అమ్మినప్పుడు కాలేయం వాచిన కేసులు వచ్చాయి. వండే పద్ధతి ఎందుకు పుట్టిందో తెలియకుండా మాత్ర చేస్తే ఇలాగే అవుతుంది.

ఇక నర్సరీల్లో అలంకారానికి అమ్మే పసుపు పూల సెన్నా ఒకటుంది. దాని పత్రపుచ్ఛాలు దారంలా సన్నగా ఉంటాయి. పూలు చూసి మోసపోయేది ఎక్కువగా దీని దగ్గరే.

#4 మందులమర్మం

పేర్ల తికమక ఇంకొకటి ఉంది. నేలతంగేడు అంటే సునాముఖి, విరేచనాల ఆకు. పచారీ కొట్లో "తంగేడాకు ఇవ్వండి" అని అడిగితే చాలాచోట్ల కట్టి ఇచ్చేది అదే. తమిళనాడులో తిరునల్వేలి వైపు పొలాల్లో పండించి దేశమంతా పంపేది ఆ ఆకునే. అందులోని సెన్నోసైడ్లు పెద్దపేగును కదిలిస్తాయి. తంగేడు పువ్వేమో వగరు, దాని పని వేరు. తంగేడనుకుని చెంచా సునాముఖి పొడి రోజూ తాగితే కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. ఎండిన సునాముఖి ఆకు కొన సూదిగా, కాడ దగ్గర ఒక వైపు ఎత్తుగా ఒక వైపు పల్లంగా ఉంటుంది. తంగేడు ఆకు కొన మొద్దుగా గుండ్రంగా ఉంటుంది. పొడి కొంటే ఈ తేడా కనపడదు. అందుకే ఎప్పుడూ ఆకుగానో పువ్వుగానో కొనండి, పొడి ఇంట్లో చేసుకోండి.

తామరకు పూసే ఆకు కూడా ఇది కాదు. అది మెట్టతామర, పెద్ద పెద్ద ఆకులు, పూలు కొవ్వొత్తిలా నిలబడతాయి.

#5 గునుగుపువ్వు

మా దిక్కు తంగేడంటే ముందు బతుకమ్మే. 2014ల తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది కూడా ఇదే. పూలు ఎప్పుడు తెంపాలె, ఎట్ల ఆరబెట్టాలె అన్నది రాస్త.

పొద్దున ఎండ ఎక్కక ముందు తెంపాలె, కానీ మంచు ఆరినంక. ఏడున్నర, ఎనిమిది గంటలకు సరిగ్గ ఉంటది. ఆ పొద్దు విచ్చిన పువ్వు రేకులు గట్టిగ, అంచులు ముడతలుగ, లోపల నారింజ గీతలు సాఫ్‌గ కనపడ్తయి. నిన్నటి పువ్వు రేకు మెత్తబడి, అంచుకు తెల్లగ పాలిపోయి ఉంటది, అది పక్కకు వెయ్యాలె. తెంపినయి ప్లాస్టిక్ కవర్ల కుక్కొద్దు. వెదురు గంపల గానీ నూలు సంచిల గానీ వదులుగ వెయ్యాలె. పెరటిమొక్క గారి పూలు గోధుమ రంగుకు తిరుగుడు సగం అక్కడ్నే మొదలైతది. కవర్ల పూలు ఉడుకెక్కి చెమటపడ్తయి, రేకులు నలిగిన చోటల్ల నల్లగైతయి.

ఇంటికి తెచ్చినంక తెల్ల గుడ్డ మీద ఒక్క వరుసల పరవాలె, ఒకదాని మీద ఒకటి పడొద్దు. పావుగంట అట్లనే ఇడిస్తే పురుగులు, చీమలు ఎల్లిపోతయి. కాడలు, ముదురు మొగ్గలు ఏరెయ్యాలె. మొగ్గ లోపల తడి ఎక్కువ, రేకులు ఆరినా మొగ్గ ఆరది, సీసాల పోసినంక బూజు అక్కడ్నుంచే లేస్తది. గాలి ఆడే నీడల, రోజుకు రెండుసార్లు తిప్పుకుంట, మూడు నుంచి ఐదు రోజులు. ఎండల వేస్తే ఒక్కరోజుల ఎండుతయి గానీ పసుపు రంగు ఎల్లిపోయి గడ్డి లెక్క అయితయి.

ఆరిందా లేదా అన్నది చేతితోని తెలుస్తది. రేకు పట్టి వంచితే పుటుక్కున విరగాలె. తోలు లెక్క వంగితే ఇంకొక రోజు ఉంచాలె. కిలో పచ్చిపూలకు 150 నుంచి 200 గ్రాములు మిగుల్తయి. 300 మిగిలినయంటే తడి ఉన్నట్టే.

ముసురు పట్టిన రోజుల్ల తెంపకపోవుడే మంచిది. తెంపితే ఫ్యాన్ కింద ఆరబెట్టాలె, మూలకు పెట్టొద్దు.

#6 గునుగుపువ్వు

ఇంకొక ముచ్చట మర్చిపోయిన. బతుకమ్మ పేర్చిన పూలు మందుకు వాడొద్దు. పక్కన పేర్చిన గునుగుకు రంగులు అద్దుతరు, ఆ రంగు తంగేడుకు అంటుతది. రాత్రంత తడిగ ఉంటయి, నీళ్ళు చల్లుతరు. పత్తి చేన్ల గట్ల మీది పూలు కూడా వద్దు. బతుకమ్మ రోజులు, పత్తికి మందు కొట్టే రోజులు ఒక్కటే. గట్టు మీది తంగేడు మీద ఆ మందంత పడ్తది. అడివంచు, గుట్ట మీది చెట్లు చూసుకోవాలె.

#7 పెరటిమొక్క

మొగ్గల సంగతి అసలు తట్టలేదు, అన్నీ కలిపే ఆరబెడుతున్నాను. ప్లాస్టిక్ కవరు కూడా. ఇప్పుడు కషాయం కొలతలు చెప్పండి.

#8 ఆకుపసరు

రెండు పద్ధతులు ఉన్నాయి. ఏది ఎందుకు వాడతారో తెలిస్తే వీడియోల గందరగోళం పోతుంది.

మెత్తటి భాగాలకు, అంటే పువ్వు, లేత ఆకు లాంటి వాటికి ఆయుర్వేదంలో ఫాంటం చెప్పారు. కాచిన నీళ్ళు పోసి నాననిచ్చి వడగట్టడం అన్నమాట. గట్టి భాగాలకు, అంటే బెరడు, వేరు లాంటి వాటికి క్వాథం. పదహారు వంతుల నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించడం పాత లెక్క. పువ్వును బెరడులా అరగంట మరిగిస్తే వగరు అంతా దిగి నోరు పట్టేస్తుంది, కడుపు బిగుస్తుంది.

పూల నీళ్ళకు ఇంట్లో వాడుకునే కొలత: ఎండు పూలు 2 నుంచి 3 గ్రాములు, నీళ్ళు 200 మిల్లీలీటర్లు. చెంచాతో కొలవొద్దు. నలపని ఎండుపూలు గుప్పెడు వేసినా 3 గ్రాములు తూగకపోవచ్చు, అదే పొడి చేస్తే ఒక చెంచాలో పడుతుంది. వంటింటి తూకం యంత్రం 1 గ్రాము దాకా చూపేది ఉంటే చాలు. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపి పూలు వేసి మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి వడగట్టాలి. రంగు లేత బంగారంలా రావాలి. ఇటుకరంగు వచ్చిందంటే ఎక్కువసేపు ఉంచినట్టు.

పచ్చిపూలైతే దానికి ఐదారు రెట్లు, అంటే సుమారు 15 గ్రాములు. కడిగి వేయండి, పువ్వు లోపల చిన్న పురుగులుంటాయి.

గిన్నె స్టీలుదో మట్టిదో అయి ఉండాలి. ఇనుప మూకుట్లో కాస్తే కషాయం ఆకుపచ్చ కలిసిన నలుపుకు తిరుగుతుంది. తంగేడుకు వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిసి చేసే రంగు అది. కషాయంలో వగరు దిగిందా లేదా చూసుకోవడానికి కూడా ఇదే పరీక్ష, నల్లబడినంత మాత్రాన అది తంగేడేనని మాత్రం కాదు. చెంచాడు కషాయంలో తుప్పు పట్టిన మేకు వేసి కాసేపు ఉంచండి. నల్లబడకపోతే అందులో వగరు లేదన్నట్టు, అంటే పూలు పాతబడ్డాయి లేదా అవి తంగేడు కావు. ఆ చెంచాడు పారబోయండి, తాగకండి.

#9 మందులమర్మం

అదే కారణంగా ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు కషాయానికీ మాత్రకీ నడుమ కనీసం రెండు గంటలు విడివ్వాలి. టానిన్లు ఇనుమును పట్టుకుని పేగులోంచి ఒంటికి ఎక్కనివ్వవు. రక్తం తక్కువున్న ఆడవాళ్ళకు తెల్లబట్టకని తంగేడు పూలు రోజూ ఇచ్చి, పక్కనే ఐరన్ మాత్ర మింగిస్తే మాత్ర వృథా. భోజనంతో కలిపి కూడా తాగొద్దు. తెల్లబట్ట వాసన, దురద, జ్వరంతో ఉంటే అది ఇన్ఫెక్షన్, కషాయంతో రోజులు గడపకుండా పరీక్ష చేయించాలి.

#10 చెన్నపట్నం_తెలుగు

తమిళనాడులో దీన్ని ఆవారం అంటారు. సిద్ధ వైద్యంలో ఆవారై కుడినీర్ అని మధుమేహానికి పేరున్న కషాయం ఉంది. తంగేడు ఒక్కటే కాదు, మొత్తం ఏడు దినుసులు: తంగేడు, రేల, నేరేడు, కడలళింజిల్ (సలాసియా అనే తీగ), కోష్ఠం, తుంగముస్తె, మద్ది. ఇక్కడి వాళ్ళు ఒంటి పూలతో చేసే టీకి కూడా ఆ కషాయం పేరే పెట్టి అమ్ముతుంటారు, రెండూ ఒకటి కావు. సిద్ధ డాక్టరు రాసిచ్చింది ఏడు దినుసులదైతే, ఉత్త పూల నీళ్ళు దానికి బదులు కావు.

"ఆవారం పూసి ఉండగా చనిపోయినవాళ్ళను చూశామా" అని తమిళంలో సామెత. ఆ సామెతే చాలామందిని మందులు మానేసేలా చేస్తోంది, అది బాధగా ఉంటుంది.

#11 గుళికల_లెక్క

షుగర్ ప్రశ్నకు అంకెలతోనే జవాబు చెప్పాలి.

తంగేడు పూల మీద తరచుగా చూపించే పరిశోధన 2002లో అణ్ణామలై విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మందు ఇచ్చి షుగర్ తెప్పించిన ఎలుకలకు పూల సారాన్ని కిలో బరువుకు 0.45 గ్రాముల చొప్పున 30 రోజులు తాగించారు. చక్కెర బాగా తగ్గింది, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రకంటే మెరుగ్గా కూడా కనిపించింది. ప్యాకెట్ల మీద "పరిశోధనలో రుజువైంది" అని వేసేది ఇలాంటివాటిని పట్టుకునే.

ఇప్పుడు లెక్క చూడండి. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగిస్తారు. 0.45 భాగహారం 6.2 చేస్తే కిలోకు 0.073 గ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 4.4 గ్రాములు. కానీ అది సారం, పువ్వు కాదు. నీళ్ళలో కాచి ఆరగొట్టాక పది గ్రాముల పూలకు ఒకటి రెండు గ్రాముల సారం వస్తుందనుకుంటే, 4.4 గ్రాముల సారానికి 22 నుంచి 44 గ్రాముల ఎండుపూలు కావాలి. మనం కప్పులో వేసేది 3 గ్రాములు. కాబట్టి ఎలుకల ఫలితాన్ని మన కప్పుకు అంటగట్టడం కుదరదు. పోనీ 44 గ్రాములు వేసుకుందామా అంటే, అంత మోతాదు మనుషులకు క్షేమమని ఈ ఎలుకల పరిశోధన చెప్పలేదు.

అయినా ప్రభావం అసలే లేదనుకోకూడదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు పైనుంచి ఇదీ తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, కళ్ళు మసకబారడం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌లో చూడాలి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూడాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ ముప్పు తక్కువ.

మాత్ర ఆపి పూలు తాగడం మాత్రం ఎవరూ చేయకండి. పనిచేస్తోందా లేదా అన్నది మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో చూసుకోవాలి గానీ, ఒక రోజు పరగడుపు అంకెలో కాదు.

#12 పెరటిమొక్క

ఈ లెక్క ఎక్కడా చూడలేదు. మరి రోజూ టీలా ఏడాది పొడుగునా తాగొచ్చా?

#13 గుళికల_లెక్క

నా మాట, వద్దు. కారణం ఇది. 1981లో శ్రీలంకలో సంప్రదాయ మూలికలను కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్ల కోసం పరీక్షించారు. అవి ఉన్నట్టు తేలిన మొక్కల్లో తంగేడు ఒకటి. ఎలుకల కాలేయంలో మార్పులు కూడా చూశారు. ఈ జాతి పదార్థాలు ఒక్కరోజులో కనపడవు, కొద్దికొద్దిగా పేరుకుని కాలేయంలోని సన్న రక్తనాళాలను మూసేస్తాయి.

#14 చెన్నపట్నం_తెలుగు

శ్రీలంకలోనే దీన్ని రణవర అని టీలా తాగుతారు కదా. తరతరాలుగా తాగుతున్నదాన్ని ఒక్క పరీక్షతో తీసిపారేస్తే ఎలా?

#15 గుళికల_లెక్క

తీసిపారేయడం లేదండి. సంప్రదాయంలో వాడకం ఎలా ఉందో చూడండి. అవసరం పడ్డప్పుడు కొన్నాళ్ళు తాగి ఆపేవారు. సీసాలో టీపొడిలా పెట్టుకుని ఏళ్ళ తరబడి రోజుకు మూడు కప్పులు తాగడం ఇప్పటి అలవాటు. అలవాటు మారితే పాత భరోసా దానికి వర్తించదు. నెమ్మదిగా వచ్చే కాలేయం దెబ్బను పదేళ్ళ కిందటి కషాయంతో ముడిపెట్టి చూసే వీలు పాతకాలంలో ఎవరికి ఉంది? అందుకే రెండు మూడు వారాలు, తర్వాత ఆపడం. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, మద్యం తాగేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు అసలే వద్దు.

అదే శ్రీలంక నుంచి 2004లో ఇంకొకటి వచ్చింది. మూర్ఛకు వాడే కార్బమజపిన్‌తో పాటు ఈ టీ ఇస్తే ఎలుకల నెత్తుట్లో ఆ మందు మోతాదు పెరిగింది. ఆ మాత్రకు సరిపోయే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ దూరం తక్కువ. మూర్ఛ మందులు వాడే ఇంట్లో దీన్ని దగ్గరికి రానివ్వకండి.

#16 ఆకుపసరు

ఒప్పుకుంటాను. ఆయుర్వేదంలో కూడా కషాయాన్ని పథ్యంతో, గడువుతో చెబుతారు. గడువు లేకుండా రాసేవాళ్ళను నమ్మొద్దు.

ఇక బెరడు. బరువులో ఐదో వంతు దాకా టానిన్లే. పల్లెల్లో తోళ్ళు పదును చేసే లందల్లో వేసింది తంగేడు చెక్కే. విదేశాల నుంచి వచ్చిన వాటిల్ చెక్క అందుబాటులోకి రాకముందు దక్షిణాదిలో తోలు పరిశ్రమంతా దీనిమీదే నడిచింది. తోలును గట్టిపరిచే గుణమే పుండును, చిగుళ్ళను బిగించేదీ. అందుకే నోటిపూతకు, చిగుళ్ళ వాపుకు పుక్కిలించడానికి వాడతారు.

కొలత: ఎండు బెరడు 10 గ్రాములు దంచి 400 మిల్లీలీటర్ల నీళ్ళలో సగం మిగిలేదాకా సన్నసెగ మీద మరిగించి, గుడ్డలో వడగట్టాలి. గోరువెచ్చగా రోజుకు మూడుసార్లు, ఒక్కొక్కసారి అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. మింగితే మలబద్ధకం, కడుపులో పట్టేసినట్టు ఉండడం. ఏ రోజుది ఆ రోజు చేసుకోవాలి, మర్నాటికి పైన తెట్టు కడుతుంది. ఐదారు రోజులకు మించి చేస్తే పళ్ళ మీద గోధుమ మచ్చ పడుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, ముఖ్యంగా గుట్కా, పొగాకు నమిలేవాళ్ళకు, పుక్కిలింతల లెక్కలోది కాదు, వెంటనే పళ్ళ డాక్టరుకు చూపించాలి.

బెరడు తీసేటప్పుడు మాను చుట్టూ ఉంగరంలా చెక్కకండి, చెట్టు చచ్చిపోతుంది. పక్క కొమ్మ ఒకటి కోసి దాని బెరడు ఒలవండి. తంగేడు మొదలు నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది.

#17 నల్లమలనీడ

ఆకు గురించి. బెణుకులకు పచ్చి ఆకు మెత్తగా నూరి పట్టు వేస్తారు. గుప్పెడు ఆకు, అంటే 50 గ్రాములు చాలు, నీళ్ళు చిలకరించి రోట్లో నూరాలి. కొందరు కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు, అది ఎండాక గట్టిపడి కదలకుండా పట్టి ఉంచడానికే. ఇక్కడే ప్రమాదం. తెల్లసొన ఎండుతూ బిగుస్తుంది, దెబ్బేమో వాస్తూ ఉంటుంది. రెండూ కలిసి నెత్తురు ఆడకుండా చేస్తాయి. కట్టు కట్టాక వేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో ఎర్రబడాలి. పడకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, చల్లబడినా అప్పటికప్పుడు కత్తిరించి తీసేయాలి. ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉన్నా, కాలు మోపలేకపోయినా ముందు ఎక్స్‌రే. విరిగిన ఎముకకు ఆకు కట్టు కట్టి చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

బెణుకుకైనా నాలుగు గంటలకు తీసి కడిగేయాలి. దురద, దద్దురు వస్తే మళ్ళీ వేయొద్దు. తెగిన చర్మం మీద వేయనే వద్దు.

పాత పుస్తకాల్లో కళ్ళకలకకు గింజల పొడి కంట్లో వేయమని ఉంటుంది. ఏ పరిస్థితిలోనూ వేయకండి. కంటి నల్లగుడ్డు మీద గీత పడితే చూపు పోవచ్చు.

#18 కలువరేకు

నలుగుపిండికి నేను వాడే కొలత: బాగా ఎండిన తంగేడు పూలు 100 గ్రాములు, పెసలు 250, ఎండిన గులాబీ రేకులు 50, కస్తూరి పసుపు 20. పసుపు అంతకంటే ఎక్కువైతే ముఖం మీద నిలిచిపోతుంది. మరకు తీసుకెళ్ళే ముందు పూలను రెండు గంటలు ఎండలో పెట్టండి. నీడలో ఆరినా గాలిలోని తేమ మళ్ళీ పట్టుకుంటాయి, అలాగే పోస్తే మర రాళ్ళకు అతుక్కుని పిండి వేడెక్కి మాడు వాసన వస్తుంది. జల్లెడ రెండుసార్లు పట్టాలి, లేకపోతే కాడల పీచు చర్మం మీద గీరుతుంది. మిరపకాయలు పట్టిన వెంటనే మన పిండి పోయనివ్వకండి, ముందు గుప్పెడు బియ్యం పట్టించి పారేయమనండి.

#19 డల్లాస్_పెరడు

ఇక్కడ ఇండియన్ దుకాణాల్లో ఆవారం పూలు అని ఎండువి దొరుకుతున్నాయి. ప్యాకెట్‌లో పూలు చూసి అసలువో కావో చెప్పగలమా? పత్రపుచ్ఛాలు ఉండవు కదా.

#20 ఆకుపసరు

మంచి ప్రశ్న. ఒక పువ్వును గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పళ్ళెంలో విప్పండి. ఐదు రేకులు, వాటి మీద ముదురు గీతలు, అంచు ముడతలు. నడుమ పది కేసరాలు, వాటిలో పైవైపు మూడు చిన్నగా పుప్పొడి లేకుండా ఉంటాయి. ఈ ఒక్క గుర్తుతో నిర్ధారించలేం, సెన్నా జాతిలో చాలావాటికి ఇలాగే ఉంటుంది. కానీ ప్యాకెట్‌లో ఆకు ముక్కలు దాదాపు ఎప్పుడూ కలిసి ఉంటాయి. అవి ఏరి, ఈనె ముక్క దొరికితే జంటల నడుమ గ్రంథి ఉందా చూడండి. సూది కొన ఆకులు కనపడితే ప్యాకెట్ పక్కన పెట్టేయండి. మొత్తం పొడిగా నలిగి, పసుపు రంగు లేకుండా ఉంటే ఏడాది దాటిన సరుకు.

సీసా గాజుదై, వెలుతురు తగలని చోట ఉంటే ఆరు నెలలు బాగుంటుంది. ఆ తర్వాత రంగు, వగరు రెండూ తగ్గుతాయి.

#21 గునుగుపువ్వు

తంగేడు తేనె అని ఎవరన్న అమ్మితే కొనకుండ్రి. తంగేడు పువ్వుల మకరందం ఉండది. పుప్పొడి సంచికి కొనన చిన్న రంధ్రం మాత్రమే ఉంటది. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలు పట్టుకొని జుమ్మని ఒళ్ళు అదిరిస్తే పుప్పొడి జలజల రాలుతది. అది పుప్పొడి కోసం వచ్చుడే గానీ తేనె కోసం కాదు.

#22 పెరటిమొక్క

పెరట్లో వేసుకుందామని గింజలు తెచ్చాను. రెండుసార్లు చల్లినా ఒక్కటీ మొలవలేదు. పాత గింజలా?

#23 నల్లమలనీడ

పాతవి కాకపోవచ్చు. తంగేడు గింజ తోలు రాయిలా ఉంటుంది, నీరు లోపలికి పోదు. నీళ్ళు తెర్లించి పొయ్యి మీద నుంచి దించి, రెండు నిమిషాలు ఆగి గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. మరిగే నీళ్ళలో వేసి ఉడికిస్తే చచ్చిపోతాయి. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, అవే నాటాలి. ఉబ్బనివాటి ఒక పక్కను గరుకు కాగితం మీద లోపలి తెలుపు కనపడకుండా కొద్దిగా రుద్ది మళ్ళీ నానేయండి.

గింజ లోతు 1 సెంటీమీటరు చాలు. తల్లివేరు నేరుగా కిందికి దిగే మొక్క ఇది, కుండీలో పెంచి ఆలస్యంగా మారిస్తే వేరు తెగి వాడిపోతుంది. వీలైతే ఉండబోయే చోటే నాటండి. లేదంటే పొడుగాటి సంచిలో మొలిపించి, వేరు అడుగు తాకకముందే మార్చండి. ఎర్రనేల, గరుగు నేల ఏదైనా పరవాలేదు, నీరు నిలవకూడదు. ఎరువు ఎక్కువ వేస్తే ఆకు గుబురుగా వచ్చి పూలు తగ్గుతాయి. మేకలు, పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి కంచె అక్కర్లేదు. ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు కనపడితే మందు కొట్టొద్దు, పసుపు సీతాకోకచిలుకలవి. కాస్త ఆకు తిని వెళ్ళిపోతాయి. మందు కొడితే ఆ పూలు మీకు పనికిరావు.